తలుపు ఏ దేశంలో ఉంది

లిమసోల్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీలోంచి సముద్రం కనబడుతుందని ఉద్యోగ ప్రకటనలో రాశారు,
కనబడేది ఎదుటి బ్రోకరు కిటికీ.
నా పని చదవడం.
మనుషుల్ని కాదు, వాళ్ళ కరెంటు బిల్లుల్ని.

ఫిబ్రవరిలో ఒక దరఖాస్తు:
లీవెన్ హాఫ్‌కెన్స్, నలభై ఆరేళ్ళు,
స్ట్రాబెర్రీ గ్రీన్‌హౌస్‌లకి అద్దాలు బిగిస్తాడు.
ఊరు బార్లె, దేశం బెల్జియం.

బెల్జియం మా జాబితాలో బూడిద రంగులో ఉంటుంది.
వేలు పెట్టి ఎంత నొక్కినా పలకదు.
అక్కడి చట్టం మా సరుకుని
చిన్న మదుపరి చేతిలో పెట్టనివ్వదు.
తయారుగా ఉన్న "క్షమించండి" ఒకటి పంపాను.

మర్నాడే జవాబు:
"మేడమ్, సరిహద్దు మా ఇంటి మధ్యలోంచి పోతుంది.
పడకగది బెల్జియం, వంటగది నెదర్లాండ్స్.
నేను ట్రేడ్ చేసేది వంటగదిలోనే,
బంగాళాదుంపలు ఉడికేలోగా."
కింద ఫొటో. నేల పలకల మీద తెల్ల గుర్తుల వరస,
దానికి అడ్డంగా పడుకున్న పిల్లి,
ముందుకాళ్ళు ఒక చట్టంలో, తోక ఇంకో చట్టంలో.

నిబంధనల పుస్తకం తిరగేశాను.
పిల్లి గురించి లేదు. వంటగది గురించీ లేదు.
ఆ ఊళ్ళో వీధి తలుపు ఎటు తెరుచుకుంటే
ఇల్లు ఆ దేశానిదట.
"మీ తలుపు ఎక్కడుంది?" అని రాశాను.
ఆరు వారాలు ఉలుకూ పలుకూ లేదు.

మేనేజరు కిర్యాకోస్ అన్నాడు:
"ఎందుకింత తంటా? మన ద్వీపం లైసెన్సు మీద తెరిచెయ్.
ఇక్కడ ముప్పై రెట్లు, అక్కడ అయిదొందలు.
తలుపూ అడగరు, గోడా అడగరు."
"అతను అడగలేదుగా" అన్నాను.
"అడిగేలా చూడు."
ఆ ద్వీపాన్ని మాలో ఎవరూ చూళ్ళేదు.
మా కాగితాల్లో దానికి ఒక పోస్టుబాక్సుంది, అంతే.

పక్క బల్ల జినయీదా అంది:
"మా నానమ్మ గడప మీంచి ఏదీ చేతికిచ్చేది కాదు.
లోపలికన్నా రా, బయటికన్నా పో, అనేది."
మన వ్యాపారమంతా గడప మీదే కదా, అన్నాను.
ఆమె టీలోకి నిమ్మచెక్క పిండుకుంది.

ఏప్రిల్లో కొత్త బిల్లు వచ్చింది. నెదర్లాండ్స్.
పాత తలుపు చోట ఇటుకలు,
అప్పుడే మానిన గాయం మీద చర్మంలా
చుట్టుపక్కల గోడకన్నా ఎర్రగా.
నాలుగడుగుల అవతల కొత్త తలుపు,
తలుపులో చేతులు కట్టుకుని అతని భార్య గ్రీట్.

మంచం కదల్లేదు. పొయ్యి కదల్లేదు. అదే పిల్లి.
నిన్నటిదాకా కాపాడుకోవలసిన అమాయకుడు
ఇవాళ తన మంచిచెడ్డలు తెలిసిన పెద్దమనిషి.
నాలుగడుగుల చదువు.

బొత్తాం మీద వేలు పెట్టి ఆగాను.
మూసిన తలుపు నాకు తెలుసు.
ఆ మార్చిలో బ్యాంకులు మూసినప్పుడు
మా అత్త రోజుకి మూడొందల యూరోల కోసం
యంత్రం ముందు వరుసలో నిలబడింది.
కాపాడడానికే అన్నారు. ఎవర్నో చెప్పలేదు.
తెరిచిన తలుపూ తెలుసు.
వందమందిలో ఇంతమంది పోగొట్టుకుంటారని
మా తెర అడుగున చిన్న అక్షరాలు.
మూడు నెలలకోసారి ఆ అంకె దిద్దేది జినయీదాయే.

నొక్కాను.

అతని లాభనష్టాలు నా దాకా రావు, అది వేరే విభాగం.
ఏడాదికోసారి ఒక్క ప్రశ్న మాత్రం నాది:
మీ చిరునామా మారిందా?

ఈ ఫిబ్రవరిలో రాశాడు:
"మారలేదు.
కొత్త తలుపు ఉత్తరపు గాలికి ఎదురు పడింది,
సందులో గ్రీట్ పాత దుప్పటి కుక్కింది.
పోస్టుమాన్ ఇంకా అలవాటు కొద్దీ
ఉత్తరాలు ఆ ఇటుకల ముందే పెట్టి పోతున్నాడు.
వానకి తడుస్తున్నాయి.
మీవి కూడా."